రెండో ఇంటి బాణం

ఆ ఉదయం లాస్యప్రియ పళ్లు తోముకోవడం పూర్తయ్యేలోపే ఆమె పేరు మీద ముగ్గురికి క్షమాపణలు వెళ్లిపోయాయి.

మొదటిది పై అంతస్తు ఆవిడకి. ఆవిడ బాల్కనీలో దులుపుతున్న దుప్పటి దుమ్ము కిటికీలోంచి లోపలికి వస్తోందన్న విసుగు లాస్య మనసులో మెదిలిందో లేదో, "బుద్ధిలేని మనిషి" అన్న మాట ఆవిడ తలపుపట్టీకి చేరిపోయింది. ఆ వెంటనే లాస్య పట్టీ తనంతట తనే "మన్నించండి, అది నా ఉద్దేశం కాదు" అని ఇంకో మాట పంపింది. రెండోది నీళ్ల ఆఫీసు గుమస్తాకి. మూడోది ఎవరికో ఆమెకే తెలియదు. పట్టీ కంపెనీలు నెలకి ముప్ఫై క్షమాపణలు ఉచితంగా ఇస్తాయి. పదో తారీఖు దాటకుండానే అవి లాస్యకి అయిపోతుంటాయి. అలాగని ఆమె కోపిష్టి మనిషేం కాదు. భీమిలిలో అందరి సంగతీ అంతే.

అది 2083వ సంవత్సరం. అప్పటికి అమ్మమ్మల పేర్లన్నీ లాస్య, దీక్షిత, మనస్వి అని ఉండేవి. ఇళ్లలో మీటలు, స్విచ్చులు, రిమోట్లు పోయి ఇరవై ఏళ్లు దాటింది. కాఫీ తాగాలనిపిస్తే కాఫీ తయారయ్యేది. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మాట చేరిపోయేది. అన్నీ తలపుపట్టీ చూసుకునేది.

తలపుపట్టీ అంటే నుదుటికి కట్టుకునే వేలెడు వెడల్పు గుడ్డముక్క. దాని నేతలో మెదడు తరంగాలని పసిగట్టే సన్నటి తీగలుంటాయి. మనిషి ఒక పని చేద్దామనుకుంటున్నట్టు తనకి తెలిసేలోపే మెదడులో ఆ పనికి సన్నాహం మొదలవుతుంది. సెకనులో మూడో వంతు ముందు. శాస్త్రజ్ఞులు దాన్ని తొలితరంగం అన్నారు. వెనకటి రోజుల్లో ఈ తొలితరంగం లేవడానికీ, చెయ్యో నోరో కదలడానికీ మధ్య చిన్న ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో మనిషి "వద్దులే" అనుకుని ఊరుకోగలిగేవాడు. పట్టీ తొలితరంగాన్నే అందుకుని పని జరిపించేస్తుంది. వద్దులే అనుకునేసరికి ఆ మాట అవతలి మనిషి బుర్రలో ఉంటుంది.

పట్టీ వచ్చిన కొత్తలో, ఇక మనుషుల మధ్య అబద్ధాలుండవని పత్రికలు తెగ సంబరపడ్డాయి. అబద్ధాలేం పోలేదు గానీ మొహమాటం పోయింది. మొహమాటం ఎన్ని కాపురాలని నిలబెట్టిందో అది పోయాకే జనానికి తెలిసింది. అప్పుడు కంపెనీలు క్షమాపణల సేవ మొదలుపెట్టాయి.

లాస్య ఉండేది ఆమె పరీక్షకురాలిగా పనిచేసే గృహోపకరణాల పరీక్షాలయం ఆవరణలోని క్వార్టర్స్‌లో. ఆమె వంటింటి కిటికీలోంచి చూస్తే కొండ వాలులో పసుపు రంగు వేసిన మేడ ఒకటి కనిపిస్తుంది. అందులో ఆమె చెల్లెలు దీక్షిత ఉంటుంది. నడిస్తే పన్నెండు నిమిషాలు. మూడేళ్లకి పైగా ఆ పన్నెండు నిమిషాలూ ఇద్దరిలో ఎవరూ నడవలేదు.

వాళ్ల అమ్మ ఆఖరి రెండేళ్లు దీక్షిత దగ్గరే మంచం మీద ఉంది. ఒకరోజు సాయంత్రం నాలుగు గంటల మందు వేళకి దీక్షిత పొరపాటున రాత్రి వెయ్యాల్సిన నిద్రమాత్ర వేసింది. అమ్మ తెల్లారేదాకా హాయిగా నిద్రపోయి, లేచి ఉప్మా అడిగింది. అంతకుమించి ఏమీ జరగలేదు. కానీ ఆ సాయంత్రం అమ్మ ఎంత లేపినా లేవకపోయేసరికి దీక్షిత బెదిరిపోయి అక్కని పిలిచింది. "భయపడకే, వస్తున్నా" అని చెబుదామనుకుంది లాస్య. నిజంగానే అనుకుంది. దానికన్నా ముందు ఇంకో మాట మెదిలింది. పట్టీ దాన్నే పంపింది.

"నీకు చేతకాదు."

ఆ తర్వాత దీక్షిత పట్టీ తీసేసిందని, మళ్లీ కట్టుకోలేదని ఎవరో చెప్పారు. ఎనిమిది నెలలకి అమ్మ పోయినప్పుడు అక్కచెల్లెళ్లిద్దరూ చెరోపక్కన నిలబడ్డారు తప్ప మాట్లాడుకోలేదు. లాస్య పట్టీ ఆ ఇంటి గోడ తెరకి మొత్తం పదకొండు క్షమాపణలు పంపింది. పదకొండిట్లోనూ అవే మాటలు. వెళ్లి ఎదురుగా నిలబడదామంటే, పట్టీ మళ్లీ ఏం పంపుతుందోనని లాస్యకి భయం. పట్టీ తీసి వెళ్లొచ్చు. అప్పుడు నోటితో చెప్పుకోవాలి. అది ఇంకా భయం.

*

పరీక్షాలయానికి మొదటినుంచీ కొన్ని వింత నియమాలున్నాయి. ఏ వస్తువుని పరీక్షిస్తున్నారో దాని నివేదిక ఆ వస్తువుతోనే తయారవ్వాలి. పొయ్యిని పరీక్షించినవాళ్లు ఆ పొయ్యి మీద వండి డైరెక్టర్‌కి భోజనం పెట్టాలి. కుర్చీ నివేదిక ఆ కుర్చీలో కూర్చునే రాయాలి. ఒకసారి మంచాన్ని పరీక్షించినాయన నివేదిక మూడు వారాలు ఆలస్యమైంది. మంచం మాత్రం పాసైపోయింది.

రెండో నియమం ఇంటి పరీక్ష. ప్రతి వస్తువునీ నలభై రోజులపాటు మూడు ఇళ్లలో వాడతారు. ఇళ్లకి అంకెలే తప్ప పేర్లుండవు. ఎవరి ఇల్లో పరీక్షకురాలికి తెలియకూడదు. వాళ్లకి మాత్రం ఆమె పేరు తెలుస్తుంది. సందేహాలుంటే అడగడానికి పరీక్ష పుట అడుగున ఆ పేరు వేస్తారు. పేరు మీద నొక్కితే ఆమెతో మాట్లాడవచ్చు. తీర్పు రాసేముందు ముసాయిదాని మూడు ఇళ్లకీ చూపించి అభిప్రాయం అడగాలి. అంతా అయ్యాక పరీక్షకురాలే స్వయంగా వెళ్లి వస్తువుని వెనక్కి తెచ్చుకోవాలి. ఇళ్ల పేర్లు బయటపడేది అప్పుడే.

వేసవి మొదట్లో తుని నుంచి మనస్వి అనే ఆవిడ వచ్చి, లాస్య టేబుల్ మీద గుప్పిట్లో పట్టే వస్తువొకటి పెట్టింది. వంకాయ రంగులో, వంకాయలాగే నున్నగా ఉంది.

"ఇదేంటమ్మా, మ్యూజియంలోంచి పట్టుకొచ్చారా?" అంది లాస్య.

"మౌసండి. మా నాయనమ్మ దగ్గర ఉండేది. అది చూసే చేశాం. పదిమంది ఆడవాళ్లం కలిసి చేస్తున్నామండి."

"ఈ రోజుల్లో మౌసెవరు కొంటారండీ?"

"పట్టీ పడనివాళ్లు చాలామంది ఉన్నారు మేడంగారూ. తలకి ఆపరేషనైనవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు. పడకేం కాదుగానీ ఇక పెట్టుకోం అనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లందరూ చిన్న ఉత్తరం రాయాలన్నా పక్కింటికి పోవాల్సొస్తోంది. పట్టీకి కట్టే ఒక నెల అద్దెతో ఇవి రెండొస్తాయండి." మనస్వి దాన్ని లాస్య వైపు తోసింది. "మీరు పాస్ చేస్తేనే షాపుల్లో పెట్టనిస్తారు. కాస్త చూడండి."

లాస్య దాన్ని చేతిలోకి తీసుకుంది. చిన్నప్పుడు నాన్న ఆఫీసులో ఇలాంటిది పట్టుకున్నట్టు అరచేతికి లీలగా గుర్తొచ్చింది.

ఆమెకి సహాయం చేసేది కొలమరి. పరీక్షాలయంలో కొలతలన్నీ తీసే యంత్రం అది. దానికి భాష నేర్పినాయన పాత పుస్తకాల ప్రేమికుడు కావడంతో అది ఎప్పుడూ గ్రంథం చదువుతున్నట్టే మాట్లాడేది.

మొదటి పదిరోజులూ మౌస్‌ని నానా హింసా పెట్టారు. కొలమరి తన యంత్రవేలుతో ఐదు లక్షలసార్లు నొక్కింది. టేబుల్ మీంచి ముప్ఫైసార్లు కింద పడేశారు. టీ ఒలకబోశారు. మీటల సందుల్లో దోసెల పిండి పూసి ఎండబెట్టారు. చాప మీద, పాత పేపరు మీద, దుప్పటి మీద, మనిషి తొడ మీద పెట్టి తోశారు. స్టీలు కంచం వెనకవైపు మీద తప్ప అన్నిచోట్లా తెర మీది బాణం చెప్పినట్టే కదిలింది. కంచం మీద మౌస్ వాడేవాళ్లు అరుదు కాబట్టి దాన్ని లాస్య క్షమించింది.

"మీట నొక్కుటలో జాగు లేదు. సెకనులో వెయ్యవ వంతు మాత్రమే," అంది కొలమరి.

"చవక వస్తువంటే ఇలా ఉండాలి," అంది లాస్య.

చిక్కంతా ఇంటి పరీక్షలో వచ్చింది.

ముప్ఫయ్యో రోజున కొలమరి ఇళ్ల లెక్కలు చదివి వినిపించింది. మూడు ఇళ్లలోనూ మౌస్ ఒక్కోసారి మొరాయిస్తోంది. బాణం మీట మీదికి వచ్చి ఆగాక, నొక్కడానికి మామూలుగా సెకనులో మూడో వంతు పట్టాలి. చాలాసార్లు అంతే పడుతోంది. కొన్నిసార్లు మాత్రం ఐదు సెకన్లు, పది సెకన్లు, అర నిమిషం జాగవుతోంది. కొన్నిసార్లయితే అసలు నొక్కే పడటం లేదు.

"ఏ మీటల దగ్గర?"

"పంపు, చెరిపివేయి, కొనుము. ఈ మూడింటి వద్దనే అధికము."

"రెండో ఇల్లు?"

"రెండవ ఇంటి పరిస్థితి మరీ విపరీతముగా నున్నది. ప్రతిదినము సాయంత్రము నాలుగు గంటల పది నిమిషములకు బాణము పుట అడుగునకు పోవుచున్నది. సుమారొక నిమిషము నిలుచుచున్నది. నొక్కకయే వెనుకకు పోవుచున్నది. ముప్పది దినములలో ముప్పదిసార్లు."

లాస్య తల పట్టుకుంది. భీమిలి ఉక్కకి చెమట పట్టి మీట బిగుసుకుంటోందేమో అనుకుంది. యంత్రవేలికి ఉప్పునీళ్లు రాసి నొక్కించింది. జాగు లేదు. గదిని ఇళ్లంత వేడి చేసింది. జాగు లేదు. మూడో ఇంటి మౌస్‌ని మనిషిని పంపి తెప్పించి, ఊడదీసి చూసింది. లోపల ఒక చీమ తప్ప ఏమీ లేదు. చీమని తీసి మౌస్‌ని తిరిగి పంపించింది.

"కారణము తెలియని జాగును లోపముగానే పరిగణించవలెను. తిరస్కరింపుడు," అంది కొలమరి.

నియమం కూడా అదే చెబుతోంది. మనస్వి మొహం గుర్తొచ్చి లాస్యకి బాధేసింది. అయినా కనికరంతో పాస్ చేస్తే పరీక్ష ఎందుకు?

*

నలభయ్యో రోజు మధ్యాహ్నం ఆమె ముసాయిదా రాయడానికి కూర్చుంది. నియమం ప్రకారం మౌస్‌తోనే రాయాలి కాబట్టి పట్టీ తీసి సొరుగులో పెట్టింది. గోడ తెర మీద అక్షరాల పలక పరుచుకుంది. బాణాన్ని ఒక్కో అక్షరం మీదికి తీసుకెళ్లి నొక్కాలి. ఆలోచన ముందు పరిగెడుతుంటే చెయ్యి వెనక నడిచొస్తోంది. మొదటి పేజీ అయ్యేసరికి ఆమెకి చిరాకెత్తింది. రెండో ఇంటి సంగతికొచ్చేసరికి అది బాగా ముదిరింది. ఇంత మంచి వస్తువు ముఖ్యంగా ఆ ఒక్క ఇంటి లెక్కల వల్ల గట్టెక్కకుండా పోతోందనిపించింది. కసిగా ఒక్కో అక్షరమూ ఏరి రాసింది.

"రెండో ఇంటివారికి మౌస్ వాడటం చేతకాదు. వారి లెక్కలు వదిలెయ్యాలి."

బాణాన్ని "పంపు" మీదికి తెచ్చింది. నొక్కితే ముసాయిదా మూడు ఇళ్లకీ వెళుతుంది. రెండో ఇంటివాళ్లు చదువుతారు.

వేలు మీట మీద ఆగిపోయింది.

ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. ముసలివాళ్లేమో. చెయ్యి వణుకుతుందేమో. నలభై రోజులు ఓపిగ్గా ఈ వస్తువుతో కుస్తీ పట్టారు. వాళ్లకి తన నుంచి వెళ్లే మొదటి మాట ఇదా? ఆ మాట ఇంతకుముందు ఎక్కడికెళ్లిందో, వెళ్లి ఏం చేసిందో గుర్తొచ్చి, ఆమె కళ్లు కిటికీలోంచి కొండ వాలువైపు తిరిగాయి. నుదుటికి పట్టీ ఉంటే ఈపాటికి అది చేరిపోయి ఉండేది. వెనకే ఒక ఉచిత క్షమాపణ కూడా.

బాణాన్ని మెల్లగా వెనక్కి తీసుకొచ్చి ఆ రెండు వాక్యాలూ చెరిపింది. వాటి చోట "రెండో ఇంట్లో జాగు ఎందుకు జరుగుతోందో నాకింకా అర్థం కాలేదు" అని రాసి, ముసాయిదా పంపింది.

"మీ మౌస్‌కు కూడా లోపము వచ్చినది," అంది కొలమరి. "పంపు మీట వద్ద ఏబదిరెండు సెకన్ల జాగు. తదుపరి నొక్కకయే వెనుకకు పోయినది. రెండవ ఇంటి లక్షణమే."

లాస్య మౌస్ వంక చూసింది. ఆ తర్వాత తన చేతి వంక చూసుకుంది.

"కొలమరీ, నీ వేలితో నొక్కినప్పుడు ఎప్పుడైనా జాగైందా?"

"ఐదు లక్షల పర్యాయములలో ఒక్కసారియు కాలేదు."

"నొక్కాలా వద్దా అని నువ్వెప్పుడైనా ఆలోచించావా?"

"ఆలోచించుటకు అందేమున్నది? నొక్కమన్నారు, నొక్కితిని."

లాస్య నవ్వింది. ఆమెకి కాస్త ఏడుపు కూడా వచ్చింది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఇంత తెలివితక్కువ పొరపాటు ఆమె చెయ్యలేదు. చీమల కోసం వెతికింది గానీ మనుషుల కోసం వెతకలేదు. జాగు మౌస్‌లో లేదు. చేతుల్లో ఉంది. తొలితరంగానికీ చేతికీ మధ్య వెనకటి రోజుల్లో ఉండే ఆ చిన్న ఖాళీ, పట్టీ మింగేసిందనుకున్న ఖాళీ, ఎక్కడికీ పోలేదు. పట్టుకోవడానికి వస్తువొకటి దొరగ్గానే తిరిగొచ్చింది.

"దీనిని ఏ గడిలో నమోదు చేయవలెను?" అని అడిగింది కొలమరి.

"ఆగు, చెబుతా. ముందు ఇళ్లవాళ్లేమంటారో చూద్దాం."

*

మర్నాడు మధ్యాహ్నానికి రెండు ఇళ్ల అభిప్రాయాలొచ్చాయి.

మొదటి ఇంటాయన రిటైరైన టీచరు. "మా వీధివాళ్ల మీద రోజుకొక ఫిర్యాదు రాసుకుని, పంపు దాకా వెళ్లి చెరిపేస్తున్నాను. వీధిలో నన్ను మళ్లీ టీకి పిలుస్తున్నారు. మౌస్‌ని పిల్లి ఎత్తుకుపోతోంది, అదొక్కటే ఇబ్బంది" అని రాశాడు. మూడో ఇంటి ఇల్లాలు, "పదహారు చీరలు కొనబోయి మానుకున్నాను. ఈ మౌస్‌ని వెనక్కి ఇవ్వడానికి మా ఆయన ఒప్పుకోవడం లేదు" అని రాసింది.

రెండో ఇంటి జవాబు మూడు దాటాక వచ్చింది.

"మీ ముసాయిదా చదివాను. జాగు ఎందుకో అర్థం కాలేదని రాశారు. అది మౌస్ తప్పు కాదండి. నాదే. రోజూ ఒకచోట నొక్కుదామని బాణం పెడుతున్నాను, నొక్కలేక తీసేస్తున్నాను. మౌస్‌ని నా మందుల డబ్బా పక్కన పెట్టుకున్నాను. ఆ డబ్బా మా అమ్మది, తియ్యబుద్ధి కాలేదు. సాయంత్రం ఆ వేళకి చెయ్యి దానంతటదే అటు వెళుతుంది. నాకు చేతకాదని ఇదివరకే ఒకరు చెప్పారు. నా చేతకానితనం చూసి మంచి వస్తువుని ఫెయిల్ చెయ్యకండి. పాపం, దాన్ని చేసినవాళ్లు ఎంత కష్టపడ్డారో."

లాస్య ఆ జవాబుని మూడుసార్లు చదివింది.

"కొలమరీ, రెండో ఇంటి బాణం పుట అడుగున ఆగుతుందన్నావు కదా. సరిగ్గా ఎక్కడ ఆగుతుంది?"

"పరీక్షకురాలి పేరు మీద."

"ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడుగలేదు."

నలభై రోజులు. దీక్షిత నలభైసార్లు అక్క పేరు మీద బాణం పెట్టి, నిమిషంసేపు నిలబడి, వెనక్కి వెళ్లిపోయింది. అక్కేమో దాన్ని లోపమని రాసుకుంది.

గోడ మీద గడియారం నాలుగూ ఐదు చూపిస్తోంది. ముసాయిదా పుటని తెర మీదికి తెప్పించింది. అభిప్రాయాల గడువు ముగిసేదాకా ఆ పుట మీద మూడు ఇళ్ల బాణాలూ కనిపిస్తాయి, ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. రెండో ఇంటిది పసుపు. నాలుగూ పదికి ఆ పసుపు బాణం పుటలోకి వచ్చింది. తిన్నగా అడుగుకి దిగి "ఎం. లాస్యప్రియ, పరీక్షకురాలు" అన్నచోట ఆగింది.

ఇవతలి నుంచి పిలవడానికి లేదు. తీర్పయ్యేదాకా ఇంటివాళ్ల పేరు ఎత్తకూడదు. కానీ ఆ పుటలోనే నివేదిక ఆఖరి గడి ఒకటి ఖాళీగా ఉంది, అందులో ఏం రాసినా ఇళ్లవాళ్లకి అప్పటికప్పుడే కనిపిస్తుంది. "పరీక్షకురాలి సొంత అనుభవం." అందరూ అందులో "తృప్తికరం" అని రాసి వదిలేస్తారు. లాస్య మౌస్ మీద చెయ్యి వేసింది. మొదటి అక్షరం మీదికి బాణాన్ని నడిపించి నొక్కింది.

"నాలుగేళ్ల కిందట నేను ఒక మనిషితో నీకు చేతకాదు అన్నాను."

పసుపు బాణం కదిలింది. పేరు మీంచి లేచి పైకొచ్చి ఆ వాక్యం కిందకి చేరింది. చదవడం నేర్చుకునే పిల్లల వేలులా ఒక్కో అక్షరం కిందా ఆగుతూ నడిచింది. లాస్యకి ఒక అక్షరం తప్పు పడింది. చెరిపి మళ్లీ రాసింది.

"ఆ తర్వాత నా పట్టీ పదకొండుసార్లు అది నా ఉద్దేశం కాదు అని చెప్పింది. అది అబద్ధం. పట్టీ ఆ మాట పుట్టించలేదు, నాకు అనిపించిందే పంపింది. ఆ క్షణం నాకు అలాగే అనిపించింది."

కొలమరి ఏదో అనబోయింది. లాస్య చెయ్యెత్తి ఆపింది.

"ఎందుకనిపించిందో చెప్పడానికి ఇన్నాళ్లు పట్టింది. ఆ మనిషి రెండేళ్లు మా అమ్మని ఎత్తి కూర్చోబెట్టింది, కడిగింది, తినిపించింది. నేను ఆదివారాలు పళ్లు పట్టుకుని వెళ్లేదాన్ని. అమ్మని ఎత్తబోతే నా చేతులు ఆడేవి కావు. చేతకానిది నాకు. అది ఒప్పుకోలేక ఆమె మీదికి తోసేశాను. ఈ గడి నింపడానికి నాకు ముప్పావు గంట పట్టింది. ఈ వస్తువు లేకపోతే రాసేదాన్ని కాదు."

చివర్న ఇంకో రెండు ముక్కలు రాసింది. "జాగు లోపం కాదు. పాస్."

బాణాన్ని "పంపు" మీదికి తెచ్చి, ఈసారి ఆగకుండా నొక్కింది.

పసుపు బాణం ఆఖరి అక్షరం కింద చాలాసేపు ఉండిపోయింది. తర్వాత మెల్లగా పుట అడుగుకి దిగింది. పేరు మీదికొచ్చి నిలబడింది.

"రెండవ ఇల్లు," అంది కొలమరి. "జాగు ముప్పదియొక్క సెకన్లు. ముప్పదిరెండు. ముప్పదిమూడు..."

"లెక్కపెట్టకు," అంది లాస్య.

టిక్కుమని చిన్న చప్పుడైంది. తెరలోంచి ఎవరో ముక్కు ఎగబీల్చుకోవడం వినిపించింది.

"అక్కా."

"ఏంటే."

"తప్పుగా పడ్డ అక్షరాన్ని చెరపకపోయినా నాకు అర్థమయ్యేది."

లాస్య నవ్వబోయింది గానీ నవ్వు సరిగ్గా రాలేదు. "ఈ పరీక్షలో ఎలా చేరావే?"

"పరీక్షకి ఇళ్లు కావాలన్న కరపత్రంలో నీ పేరుంది. నీ పేరు చూసే చేరాను. ఎప్పుడైనా నొక్కొచ్చు కదా అనుకున్నాను." అంతలోనే దీక్షిత అడిగింది. "ఇప్పుడు ఈ మౌస్‌ని వెనక్కిచ్చెయ్యాలా?"

"ఇవ్వాలి. నేనే వచ్చి తీసుకోవాలి. నియమం."

"ఎప్పుడొస్తావ్?"

జవాబు చెప్పేలోపే లాస్య లేచి చెప్పులేసుకుంది. పట్టీ సొరుగులోనే ఉండిపోయింది. వెనక నుంచి కొలమరి ఇంకా అడుగుతూనే ఉంది, "మహాశయురాలా, ఈ జాగును ఏ గడిలో నమోదు చేయవలెను?" అని.

బయట ఎండ ఇంకా తగ్గలేదు. సముద్రం వైపు నుంచి గాలి వీస్తోంది. పన్నెండు నిమిషాల దారి ఆమెకి ఇరవై నిమిషాలైంది. మధ్యలో రెండుసార్లు ఆగి, నోటితో ఏమనాలో గొణుక్కుంటూ నడిచింది. పసుపు మేడ మెట్లెక్కే వేళకి ఆ గొణుక్కున్నదంతా మర్చిపోయింది.

దీక్షిత ఇంటికి పాతకాలపు గంట మీట ఉంది, వేలితో నొక్కేది. లాస్య దాని మీద వేలు పెట్టి నిలబడింది. వేలు కదలలేదు. ఎంతసేపు నిలబడిందో లెక్కపెట్టేవాళ్లు అక్కడెవరూ లేరు.

ఆమె నొక్కకముందే తలుపు తెరుచుకుంది.